తెలుగు డీటీపీకి స్టేబుల్ వెర్షనా, టెస్టింగ్ వెర్షనా?

తిరుపతిలో డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) షాపు నడిపే ఒకరు, రెండు కంప్యూటర్లలో డెబియన్ 13 (ఒక లినక్స్ ఆపరేటింగ్ సిస్టం), పెళ్లిపత్రికలూ కరపత్రాలూ స్క్రైబస్ 1.6 (పేజీలు కూర్చే ఉచిత ప్రోగ్రాం)లో. డెబియన్ టెస్టింగ్‌కీ (తర్వాతి విడుదల కోసం ఇంకా తయారవుతున్న వెర్షన్) స్క్రైబస్ 1.7కీ మారొచ్చా అని అడిగారు. ఈ రెంటికీ ఒకే జవాబు కుదరదని చెప్పాను.

డెబియన్‌ను స్టేబుల్‌లోనే ఉంచండి. స్టేబుల్ అంటే తప్పుల్లేనిదని కాదు, విడుదలయ్యాక మారనిదని. సెక్యూరిటీ సవరణలు, పెద్ద తప్పుల దిద్దుబాట్లు తప్ప కొత్త వెర్షన్లు రావు. ఈరోజు పనిచేసిన ప్రింటర్ డ్రైవర్ రేపూ పనిచేయాలంటే కావలసింది అదే. టెస్టింగ్‌లో అలా కాదు. లైబ్రరీలు మారే రోజుల్లో అప్‌గ్రేడ్ కొడితే కొన్ని ప్రోగ్రాములను తీసేస్తానంటుంది. ఆ జాబితా చదవకుండా వై నొక్కితే డెస్క్‌టాపే పోవచ్చు. సెక్యూరిటీ సవరణలు కూడా చాలావరకు అన్‌స్టేబుల్‌లో (టెస్టింగ్‌కి ముందు మెట్టు) కొన్ని రోజులు ఆగి వస్తాయి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే ప్రోగ్రాం) 5.6.0, 5.6.1లలో దొంగదారి బయటపడినప్పుడు అది టెస్టింగ్ దాకా వచ్చేసింది, స్టేబుల్‌కి మాత్రం చేరలేదు.

సోర్సెస్ ఫైలులో (ప్రోగ్రాములు ఎక్కడి నుంచి దించుకోవాలో చెప్పే ఫైలు) 'స్టేబుల్' అని కాకుండా 'ట్రిక్సీ' అని డెబియన్ 13 పేరే రాయండి. లేకపోతే తర్వాతి విడుదల వచ్చాక అప్‌గ్రేడ్ కొడితే కొత్త డెబియన్‌కి దూకొచ్చు. ఒక్క ప్రోగ్రాం కోసం టెస్టింగ్ లైన్ కలపొద్దు. దాని వెంట కొత్త లైబ్రరీలు దిగుతాయి, వెనక్కి తీసుకెళ్లే పద్ధతి డెబియన్‌లో లేదు.

ఇక స్క్రైబస్. రెండో అంకె సరిసంఖ్య అయితే స్టేబుల్, బేసి అయితే అభివృద్ధిలో ఉన్నది. తెలుగువాళ్లకు ఈ లెక్క చాలాకాలం తిరగబడింది. 1.4లో ఒత్తులు విడిపోయేవి. 2017లో 1.5.3తో అక్షరాలు సరిగా కూడుకున్నాయి గానీ ఆ సౌకర్యం ఉన్న స్టేబుల్, అంటే 1.6.0, 2024 జనవరిలో వచ్చింది. అన్నాళ్లూ తెలుగు పేజీకి టెస్ట్ వెర్షన్ తప్ప దారి లేదు. కాబట్టి ఆ ముద్ర ఒక్కటే చూసి తేల్చుకోకండి, మన లిపి ఎలా పడుతోందో చూడండి. ఇప్పుడు 1.6లో తెలుగు పడుతోంది కాబట్టి, కస్టమర్ పనికి 1.6 చాలు.

1.7తో అసలు భయం క్రాష్ కాదు, ఫైలు. 1.7లో సేవ్ చేసినది 1.6లో సరిగా తెరుచుకుంటుందని నమ్మకం లేదు. రెండో కంప్యూటర్‌లో 1.6 ఉంటే, పోయిన ఏడు చేసిన పత్రికనే పేర్లు మార్చి ఇమ్మని వచ్చినవాళ్ల ముందు ఇరుక్కుంటారు.

చూడాలనే ఉంటే ఇలా చేయండి. 1.6లో 'కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్' కొట్టి, ఫైలూ బొమ్మలూ ఫాంట్లూ ఒక ఫోల్డర్‌లోకి తీసుకోండి. 1.7 యాప్‌ఇమేజ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఒకే ఫైలు) దించి, వేరే యూజర్ అకౌంట్‌లో పెట్టి, ప్రాపర్టీస్‌లో ఎగ్జిక్యూటబుల్ టిక్ పెట్టండి. తెరిచేటప్పుడు ఫ్యూజ్ (యాప్‌ఇమేజ్ నడవడానికి కావలసిన లైబ్రరీ) లేదని చెబితే లిబ్‌ఫ్యూజ్2టి64 (libfuse2t64) ప్యాకేజీ వేయాలి. ఆ ఫోల్డర్ కాపీని మాత్రమే తెరవండి. లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం అనే మాటలు టైపు చేసి ఒత్తులు చూడండి. తర్వాత లైన్లు ఎక్కడ విరుగుతున్నాయో చూడండి. ఇది చాలామంది వదిలేస్తారు. ఒక్క లైన్ జరిగినా చివరి లైన్ ఫ్రేము బయటపడి, ముహూర్తం టైమే కనిపించకుండా పోతుంది. రెండు వెర్షన్ల పీడీఎఫ్‌లూ ప్రింటు తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులో చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఇవన్నీ ఆషాఢంలో పెట్టుకోండి, పెళ్లిళ్లుండవు. గంగ జాతర ముందు, బ్రహ్మోత్సవాల ముందు ఏ అప్‌గ్రేడ్ జోలికీ పోవద్దు.

1.7లో ఒత్తు తప్పు పడితే స్క్రైబస్ బగ్ ట్రాకర్‌లో తప్పకుండా రాయండి. అక్కడ తెలుగు చదవగలిగినవాళ్లు ఉంటారని అనుకోకుండా, ఒకే మాట ఉన్న చిన్న ఫైలు, ఫాంట్ పేరు, తప్పుగా పడిన బొమ్మ, సరిగా ఉండాల్సిన బొమ్మ పక్కపక్కనే పెట్టండి. 1.8 స్టేబుల్ అయ్యేలోపు చెబితేనే అందులో మన అక్షరాలు సరిగా ఉంటాయి.