దారిలోనే జింకల పార్కు, దాటిపోకండి

ప్రశ్న: మాది సూర్యాపేట. ఆదివారం కూకట్‌పల్లిలో మా చెల్లెలి ఇంటికి వస్తున్నాం. నేను, మా అత్తయ్య, ఐదో తరగతి చదివే పాప, ఎనిమిదేళ్ల బాబు. మర్నాడు పిల్లలకి వనస్థలిపురం జింకల పార్కు చూపించాలని ఉంది. కారు లేదు. కూకట్‌పల్లి నుంచి బస్సులో ఎలా వెళ్లాలి? అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు.
- ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: అమ్మా, ముప్పై ఏళ్లు కండక్టర్‌గా చేసినవాణ్ణి, మీ ఉత్తరం చదివి నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మీరు సూర్యాపేట నుంచి వచ్చే బస్సు ఆ పార్కు ముందు నుంచే పోతుంది! హయత్‌నగర్ దాటాక ఆటోనగర్. దాన్ని దాటుకుని ఊరి ఆ చివరికి వెళ్లి, మర్నాడు మళ్లీ ఈ చివరికి రావడం దేనికి? వచ్చేటప్పుడే దిగండి.

ఇంకో సుఖం ఉంది. పార్కు మీరు వచ్చే వైపే ఉంటుంది. ఎల్బీనగర్ నుంచి వెళ్తే రోడ్డుకి అవతలి పక్కన దింపుతారు. విజయవాడ హైవే అది. మోకాళ్ల నొప్పులున్న మనిషినీ ఇద్దరు పిల్లల్నీ పట్టుకుని దాటడం ఎంత టెన్షనో నాకు తెలుసు.

ఆటోనగర్‌లో ఆపమని కండక్టర్‌ని ముందే అడగండి. నాలాంటి మెత్తటివాడైతే ఆపుతాడు. కుదరదంటే హయత్‌నగర్‌లో దిగి, ఎల్బీనగర్ వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కండి. సూర్యాపేటలో మీరు ఎక్కేది ఎక్స్‌ప్రెస్ అయితే మీ ముగ్గురు ఆడవాళ్లకీ జీరో టికెట్టే, అంటే ఉచితం, ఒరిజినల్ ఆధార్ చేతిలో ఉంచుకోండి. బాబుకి అర టికెట్. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం అందరూ డబ్బులు కట్టాల్సిందే.

సామాను సంగతి అడుగుతారని తెలుసు. ఒక్క సంచితో రండి. చీరలు చెల్లెలి బీరువాలో ఉండకపోవు. పచ్చడి సీసా ఈసారికి ఇంట్లోనే వదిలేయండి.

బోర్డు మీద మహావీర్ హరిణ వనస్థలి అని ఉంటుంది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. దాదాపు 3,600 ఎకరాలు, జింకలు గేటు దగ్గర నిలబడి మీకోసం చూడవు. అత్తయ్యగారు నడవలేరు కాబట్టి లోపల తిప్పే వ్యాను సంగతి టికెట్ కౌంటర్లోనే అడగండి. తెల్లారగట్ల బస్సుకే బయల్దేరండి, ఎండెక్కితే అవి పొదల నీడకి పోతాయి. మా మనవడు మొదటిసారి చూసి, ‘తాతా, దానికి సగమే రంగేశారు’ అన్నాడు. నిజమే, మగ కృష్ణజింకకి వీపంతా నలుపు, పొట్ట తెలుపు, ఆ రెండూ కలిసేచోట గీత గీసినట్టుంటుంది. మెలికలు తిరిగిన కొమ్ములు. పక్కనే లేతగోధుమ రంగులో కొమ్ముల్లేనివి ఆడవి. పాపని ముందు ఇది గుర్తుపట్టమనండి.

పులులు ఉండవు, పిల్లలకి ముందే చెప్పండి. పులులు బహదూర్‌పురా జూలో. దానికి సోమవారం సెలవు, దారీ వేరు. ఓసారి టిఫిన్ క్యారియర్లతో ఎక్కిన ఒక కుటుంబం ‘పార్కు’ అంటే వనస్థలిపురానికి టికెట్లు కొట్టాను. దిగాక వాళ్ల చిన్నవాడు ‘ఏనుగేదీ?’ అని ఏడుపు. వాళ్లకి కావాల్సింది జూ! ఆ రోజు నుంచి ఎవరు పార్కన్నా ఏ జంతువు కోసమని అడిగేవాణ్ణి.

చూడటం అయ్యాక గేటు బయటే, అదే పక్కన ఎల్బీనగర్ బస్సు ఎక్కండి. అక్కడ మెట్రో. స్టేషన్‌లో లిఫ్ట్ ఉంది. మెట్రోలో జీరో టికెట్ చెల్లదు, కొనాలి. రైలు అక్కడే మొదలవుతుంది కాబట్టి అత్తయ్యగారికి సీటు దొరుకుతుంది. అమీర్‌పేటలో సగం బోగీ లేచి దిగుతుంది, అది చూసి మీరూ లేవకండి. కూకట్‌పల్లి అదే రైల్లో వస్తుంది.