హైదరాబాద్ టు డల్లాస్, టికెట్‌లో 12 గంటలేనా?

అన్నా, మీ అమ్మగారి టికెట్‌లో తప్పేమీ లేదు. జులైలో హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3:30కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగుతారని ఉంది, అంటే పన్నెండున్నర గంటలే కదా అని అడిగారు, కానీ టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. ఎండాకాలం డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలం పదకొండున్నర. సో మొత్తం 23 గంటలు. మధ్యలో ఫ్లైట్ మారే దోహా (ఖతార్) దాకా నాలుగున్నర, అక్కడ్నుంచి డల్లాస్‌కి దాదాపు 16, మిగిలింది మధ్యలో వెయిటింగ్.

దూరం రెండు రకాలుగా ఎందుకు చూపిస్తోందని కూడా అడిగారు కదా, సూటిగా కొలిస్తే 14,400 కి.మీ., అది ఉత్తర ధ్రువం పక్కగా పోయే గీత, దోహా మీదుగా అయితే 15,600 పైనే. రిటర్న్‌లో గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గంట, గంటన్నర తగ్గుతుంది.

నాకైతే దోహాలో రెండున్నర గంటలే అనేదే కొంచెం టెన్షన్. వీల్‌చైర్ ఇప్పుడే బుక్ చేయండి, మా అమ్మ నడవగలను అని వద్దంది, గేట్ చేరేసరికి బోర్డింగ్ సగం అయిపోయింది.