లెకితోస్‌కి ఉన్న చిన్న చిల్లు: అది దెబ్బ కాదండి

మ్యూజియంలో చూసిన తెల్లని గ్రీకు నూనె కూజాకి పక్కన చిన్న చిల్లు ఉందని, మీద గీసిన ఆడమనిషి ఒంటిపై బట్టలే లేవని, అది పాడైందా, నకిలీదా అని అడిగారు. రెండూ కాకపోవచ్చు.

దాన్ని లెకితోస్ అంటారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్‌వాళ్లు తెల్లపూత వేసిన ఇలాంటి కూజాల్లో నూనె పోసి సమాధుల దగ్గర పెట్టేవారు. కూజా నిండా నూనె పోయాలంటే ఖర్చు కదా, అందుకని కొన్నిటికి మెడ కింద, లోపల, చిన్న గిన్నె లాంటిది అమర్చేవారు. కాస్త పోస్తే చాలు, మూతి దగ్గర నిండుగా కనిపిస్తుంది. అయితే ఆ గిన్నెకీ బయటి గోడకీ మధ్య గాలి చిక్కుకుపోతుంది. బట్టీ వేడికి అది వ్యాకోచించి కూజాని పగలగొట్టేస్తుంది. ఆ గాలి బయటికి పోవడానికే చిల్లు. దీన్ని మోసం అనడానికి నాకు మనసొప్పదు. ఉన్నంతలోనే పోయినవాళ్లకి లోటు రానివ్వకూడదన్న ఆరాటం అందులో కనిపిస్తుంది.

ఇక బట్టల సంగతి. ఒంటి గీతలు చాలావరకు కాల్చకముందే గీసినవి, అందుకే నిలిచాయి. బట్టల రంగులు కాల్చిన తర్వాత పైన అద్దినవి, కాబట్టి రాలిపోయాయి. ఈసారి వెళ్తే భుజం దగ్గర, మోకాళ్ల దగ్గర కాస్త పక్కనుంచి చూడండి, లేత ఎరుపు మరక ఏదైనా మిగిలి ఉండొచ్చు.