తలుపు గ్లాస్ ఖాయం చేసే ముందు శాంపిల్ ముక్కని తడిపి, రాత్రిపూట లైటేసి చూడండి

మెయిన్ డోర్‌లోనూ దాని పక్క సందులోనూ గాజు ప్యానెల్స్ పెట్టించాలనుకుంటున్నాం, ఫ్రాస్టెడ్ (తెల్లగా మసకగా ఉండేది), ఫ్లూటెడ్ (వరసగా గీతలున్నది), స్టెయిన్డ్ గ్లాస్ (రంగు ముక్కలది) మూడిట్లో ఏది బాగుంటుంది అని అడిగారు కదండీ. మూడూ బాగుంటాయి. షాపులో వెనకనుంచి లైటు పెట్టి చూపిస్తారు కాబట్టి అక్కడ బాగోని గాజంటూ ఉండదు. డిజైన్ల కోసం మీరు ఎలాగూ పది కేటలాగులు తిరగేస్తారు, అందుకే నేను వేరే సంగతి చెప్తాను, ఎందుకంటే నేను దగ్గరుండి ఎంచిన గాజు వల్ల వాన పడ్డ ప్రతి రాత్రీ మా ఇంటి లోపల ఏం జరుగుతోందో వీధిలోకి కనిపించేది, అది చాలా నెలలు మాలో ఎవరికీ తెలీలేదు.

మా తలుపు పక్కన ద్వారబంధాన్ని ఆనుకుని 30 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఖాళీ ఉంది. అందులో 5 ఎంఎం గాజు పెట్టించాం, శాండ్ బ్లాస్టింగ్‌తో, అంటే ఇసుకని జోరుగా కొట్టి గరుకు చేసి, తీగలు, ఆకులు, మిగతాదంతా తెల్లటి ఫ్రాస్ట్. వచ్చినవాళ్లు చేత్తో తడిమితే ఆకులు తెలియాలని గరుకు వైపు బయటికి పెట్టమని చెప్పింది నేనే. పగలు బయటనుంచి చూస్తే సున్నం గోడలా ఉండేది, లోపల ఏనుగు నిలబడ్డా కనపడదు అనుకున్నాం.

ఒకరోజు ఆఫీసులో లేటయింది, జోరు వాన, పదకొండు దాటాక ఇంటికొచ్చాను. గేటు తీస్తూ తలెత్తితే హాల్లో లైటు వెలుగుతోంది, గాజు పక్కన మా అమ్మ నిలబడి ఉంది. ఏదో నీడలాగా అనుకునేరు, కాదు, అమ్మ జడ ముడి, భుజం మీద తువ్వాలు, ఒక చేతిలో ఫోను, ఇంకో చెయ్యి గడియ మీద, అన్నీ తెలుస్తున్నాయి. వెనకాల సోఫాలో నాన్న పడుకుని ఉన్నట్టు కూడా తెలుస్తోంది. నా కోసం ఎదురు చూస్తోంది పాపం, గాజుకి దగ్గరగా వచ్చి తొంగి చూస్తోంది, తనకి మాత్రం బయటి చీకట్లో నేను కనపడట్లేదు. నేను ఆ వానలో అలాగే నిలబడిపోయాను. నాకు కనపడిందంటే రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనపడుతుంది కదా, పైగా ఆ గడియ ఎక్కడుందో, ఇంట్లో పెద్దవాళ్లిద్దరే ఉన్నారో లేదో కూడా.

మర్నాడు పొద్దున గాజు ఆరాక చూస్తే మళ్లీ తెల్లటి గోడే! అప్పుడు ఒక వేలు తడిపి గరుకు వైపు రాశాను, రాసినంత మేరా కిటికీ తెరిచినట్టు అయిపోయింది. విషయం చాలా చిన్నది. ఫ్రాస్ట్ అంటే గాజు మీద కంటికి కనపడనంత చిన్న గుంటలు, వెలుతురు వాటికి తగిలి చెదిరిపోతుంది కాబట్టి తెల్లగా కనపడుతుంది. ఆ గుంటల్లో నీళ్లు నిండితే పైభాగం మళ్లీ నున్నగా అయిపోయి వెలుతురు దాదాపు నేరుగా వచ్చేస్తుంది. చేతికున్న నూనె చేసేదీ ఇదే, అందుకే శాండ్ బ్లాస్ట్ గాజు మీద వేలిముద్రలు అంత మొండిగా కూర్చుంటాయి. ఇంత మామూలు సంగతి షాపులో ఒక్కడూ చెప్పలేదు. గరుకు ఎప్పుడూ పొడి వైపుకే ఉండాలి, మెయిన్ డోర్‌కి లోపలికి, బాత్రూమ్ తలుపుకైతే బయటికి.

ఇంకోటి, తడి లేకపోయినా రాత్రి లెక్క వేరు. పగలు బయట వెలుతురు ఎక్కువ, అది గాజు మీదే చెదిరి లోపలిదాన్ని కప్పేస్తుంది. రాత్రి లోపల లైటుంటుంది, బయట చీకటి, కథ తిరగబడుతుంది. గాజుకి దూరంగా ఉన్న మనిషి మసకగా ఉంటాడు గానీ ఆనుకుని నిలబడ్డ మనిషి స్పష్టంగానే తెలుస్తాడు. అద్దంలా మెరిసే ఫిల్మ్ అంటిస్తే ఎవరికీ కనపడదని చెప్తారు చూడండి, అది కూడా పగటి వరకే, లోపల లైటేస్తే వాళ్లకి మనం కనిపిస్తాం, మనకి మన మొహమే కనిపిస్తుంది. కాబట్టి అడుగు ముక్క శాంపిల్ అడిగి ఇంటికి తెచ్చుకోండి, సగం తడపండి, రాత్రి లోపల లైటేసి ఒకళ్లు దాని వెనక నిలబడండి, మీరు బయటికెళ్లి చూడండి. శాంపిల్ ఇవ్వనివాళ్ల దగ్గర గాజు కొనొద్దు, అంతే.

సరే, గరుకు వైపు లోపలికి వచ్చేలా గాజు తిప్పి పెడదామని పనివాణ్ని పిలిపించాం. ఇక్కడ రెండో సంగతి బయటపడింది. బీడింగ్, అంటే గాజుని పట్టి ఉంచే సన్న బద్ద, ఊడదీస్తుంటే ఉలి గాజు మూలకి తగిలింది, పగులు పైదాకా పాకింది, పై సగం కత్తుల్లాంటి పొడుగు పెంకులుగా గడప మీద పడింది. ఎవరికీ తగల్లేదు, పక్క గదిలో మా అక్క కొడుకు ఆడుకుంటున్నాడు, ఆ క్షణం తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మాకు ఆ గాజుని టఫెన్డ్, అంటే కాల్చి గట్టిపరిచినది, అని అమ్మారు. టఫెన్డ్ అయితే అలా పగలదు, మొత్తం ఒకేసారి చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. గాజుని 600 డిగ్రీలు దాటేలా కాల్చి ఒక్కసారిగా చల్లగాలి కొడతారు, దాంతో మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలం వస్తుంది, కానీ ఆ తర్వాత దాన్ని కొయ్యడం, బెజ్జం పెట్టడం కుదరదు. "సైజు కాస్త ఎక్కువైతే ఇక్కడే కోసి పెడతాం సార్" అని ఎవరన్నా అన్నారంటే అది టఫెన్డ్ కాదన్నమాట. గాజు మూలలో టఫెన్డ్ అని తెలిపే ముద్ర ఉందా చూడండి. మాదాంట్లో లేదు, ఉండాలని కూడా మాకు తెలీదు అప్పుడు. గాజులో వైరు మెష్ ఉంటే బలం అనుకుంటారు, అది కూడా తప్పే, మామూలు వైర్డ్ గ్లాస్ దెబ్బకి సాదా గాజుకన్నా బలహీనం, నిప్పు అంటుకున్నప్పుడు ముక్కలు రాలకుండా పట్టి ఉంచడానికే ఆ వైరు.

అయితే గడియ పక్కన టఫెన్డ్ కూడా వద్దంటాను నేను. పగిలిందంటే మొత్తం రాలిపోయి కంత మిగులుతుంది, చెయ్యి లోపలికి పెట్టి గడియ తీయొచ్చు. మేం ఈసారి లామినేటెడ్ పెట్టించాం, 5 ఎంఎం గాజులు రెండు, మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. పగిలినా పెంకులు పొరకి అంటుకునే ఉంటాయి. ఇది కొత్త విద్యేం కాదు, ఫ్రాన్స్‌లో ఎడ్వార్ బెనెడిక్టస్ అనే ఆయన ఇలాంటిదానికి 1909లోనే పేటెంట్ తీసుకున్నాడు. నాకు నచ్చింది ఏంటంటే ఆ మధ్య పొర తెల్లటిది కూడా దొరుకుతుంది, అప్పుడు ఫ్రాస్ట్ లాంటి ఆ తెలుపు రెండు గాజుల మధ్యే ఉంటుంది, వాన తగలదు, వేలిముద్ర పడదు, బయటా లోపలా నున్నగా తుడుచుకోవచ్చు. తీగలు, ఆకులు పోయాయని అమ్మ కొన్నాళ్లు బాధపడింది, ఇప్పుడు అడిగితే ఇదే బాగుందంటుంది. బరువు మాత్రం చూసుకోండి, 1 ఎంఎం మందానికి చదరపు మీటరు 2.5 కిలోలు. మాది 7.5 కిలోల నుంచి 15 కిలోలయింది, గాడి వెడల్పు చేయించాల్సొచ్చింది. తలుపులోనే పెడితే ఆ బరువంతా బందుల మీద పడుతుంది, మీ కార్పెంటర్‌కి ముందే చెప్పండి. బీడింగ్ లోపలి వైపు ఉండాలి, బయట ఉంటే గాజు పగలగొట్టక్కర్లేదు, దొంగలు బీడింగ్ ఊడదీసి గాజు తీసి పక్కన పెడతారు.

కొలతలు తీసుకునేవాళ్ల మీద నాకు చాలా కోపం. ఒకచోట టేపు పెట్టి రాసుకుని వెళ్లిపోతారు. ఏ ద్వారబంధమూ కచ్చితంగా మూలమట్టంగా ఉండదండీ, పైన, మధ్యన, కింద మూడుచోట్లా కొలిచి తక్కువదే తీసుకోవాలి, అందులోంచి కూడా చుట్టూ 3 ఎంఎం వదలాలి, కింద రబ్బరు ముక్కల మీద కూర్చోబెట్టాలి. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, గాజు కాస్త కూడా ఒదగదు. మా పాత గాజు మూలకి అంత చిన్న దెబ్బకే పగులు రావడానికి అది బిగిసి ఉండటం కూడా కారణమని నా గట్టి నమ్మకం.

మీ ప్రశ్నకొస్తే, ఫ్లూటెడ్ అయితే గీతలు నిలువుగా పెట్టించండి. నిలువు గీతలు వెలుతుర్ని పక్కలకి చెదరగొడతాయి, నిలబడ్డ మనిషి ఆకారం ముక్కలైపోతుంది, అడ్డంగా పెడితే ఆ పని సగం కూడా జరగదు. స్టెయిన్డ్ గ్లాస్ అని చెప్పి ఇప్పుడు చాలాచోట్ల రంగు ఫిల్మ్ అంటించింది అమ్ముతున్నారు, ఎండకి వెలిసి అంచులు లేస్తాయి. అసలుదాంట్లో రంగు గాజులోనే ఉంటుంది, నీలానికి కోబాల్ట్ కలుపుతారు, ఫ్రాన్స్‌లో షార్త్ర్ చర్చి కిటికీల్లో 13వ శతాబ్దం నాటి రంగులు ఇంకా అలాగే ఉన్నాయి. అంచు దగ్గర పక్కనుంచి చూడండి, లోపలిదాకా రంగుంటే అసలుది. అది తీసుకుంటే దానికి రెండువైపులా సాదా టఫెన్డ్ గాజు వేయించండి, రంగు ముక్కల్ని కలిపి ఉంచే సీసం బద్దీలు మెత్తనివి, తలుపు ధడాల్న పడ్డప్పుడల్లా కాస్త కాస్త వదులవుతాయి. గడియ పక్క సందులో మాత్రం తెల్ల పొర లామినేటెడ్ తప్ప ఇంకేదీ వద్దు.