నూట యాభై కట్ అయింది, ఎక్కడికి పోయింది?

పోయిన సంచికలో పే స్లిప్ ఎలా చదువుకోవాలో రాస్తూ ఈఎస్‌ఐ, అంటే జీతంలోంచి కట్ అయ్యే కార్మికుల ఆరోగ్య బీమా, దాని గురించి ఒక్క లైను రాసి వదిలేశాను. ఆ ఒక్క లైనుకే ఇన్ని ప్రశ్నలొస్తాయనుకోలేదు, అందులో సగానికి పైగా ఆటోనగర్ నుంచే. నేను పదకొండేళ్లు గుంటూరు వైపు ఒక మిల్లు టైమ్ ఆఫీసులో జీతాల బిల్లు రాసినవాణ్ణి. కటింగ్ కాలమ్ నింపింది నా చెయ్యే కాబట్టి తిట్లు కూడా నాకు అలవాటే. వచ్చినవాటిలో ఐదు ప్రశ్నలు తీసుకున్నాను, మిగతావి దాదాపు వీటిలోనే కలిసిపోతాయి.

ప్రశ్న: నేను లేత్ పని చేస్తాను. జీతం 20,000, నెలకి 150 ఈఎస్‌ఐ కింద పోతుంది. నా దగ్గర హెల్పర్ కుర్రాడికి 12,500, వాడికి 94 మాత్రమే. కానీ గుణదల ఆసుపత్రికి వెళ్తే ఇద్దరికీ ఒకటే లైను, అవే మాత్రలు. మరి నేనెందుకు ఎక్కువ కట్టాలి? (ఆటోనగర్, విజయవాడ)

జవాబు: ముందు ఆ 150 ఎలా వచ్చిందో చూద్దాం అన్నా. మన వాటా జీతంలో 0.75 శాతం, ఓనర్ వాటా 3.25 శాతం. అంటే మీ పేరు మీద నెలకి కట్టేది 150 కాదు, ఓనర్ తన జేబులోంచి వేసే 650తో కలిపి 800. హెల్పర్ లెక్క 93 రూపాయల 75 పైసలు వస్తే పై రూపాయికి తేల్చి 94 చేశారు, అందులో మోసమేం లేదు. 2019 జూన్ దాకా మన వాటా 1.75, ఓనర్ వాటా 4.75 ఉండేవి, ఆ జూలై నుంచి తగ్గించారు. పాత రేటైతే మీకు 350 పోయేది.

ఇక అసలు ప్రశ్న. బయట ప్రైవేటు పాలసీ తీసుకోబోతే ఏజెంట్ మీ జీతం అడగడు, వయసెంత, షుగరుందా, బీపీ ఉందా, ఇంట్లో ఎంతమంది అని అడిగి దాన్నిబట్టి ప్రీమియం చెబుతాడు. ఇక్కడ అవేవీ అడగరు, జీతం ఒక్కటే చూస్తారు. పెళ్లికాని కుర్రాడికీ, భార్య, ముగ్గురు పిల్లలు, తన మీదే ఆధారపడిన అమ్మానాన్న ఉన్నవాడికీ జీతం ఒకటైతే కటింగ్ ఒకటే. కిడ్నీ జబ్బు ఉన్నంత మాత్రాన ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోరు. ఇవాళ మీకు అన్యాయంగా కనిపిస్తున్న లెక్క, ఇంట్లో ఒకరు మంచం పట్టిన రోజున మీవైపు తిరుగుతుంది. హెల్పర్ మీకంటే 56 రూపాయలు తక్కువ కడుతున్నాడు, నిజమే. కానీ వాడి చేతికొచ్చేది కూడా మీకంటే ఏడున్నర వేలు తక్కువ, ఆ 56 వాడికి ఒక రోజు టిఫిన్ ఖర్చు.

మీరు గమనించని ఇంకో సంగతి ఉంది. మాత్రలు, ఆపరేషన్ ఇద్దరికీ సమానమే గానీ, జబ్బు చేసి పనికి వెళ్లలేనప్పుడు చేతికొచ్చే డబ్బు సమానం కాదు, అది మీ జీతాన్నిబట్టే వస్తుంది. రోజు వేతనం సగటు 70 శాతం చొప్పున ఇస్తారు. సగటు 700 ఉన్నవాడికి రోజుకి 490, 450 ఉన్నవాడికి 315. వరసగా రెండు బెనిఫిట్ పీరియడ్‌లలో (వాడుకునే కాలం, ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 91 రోజుల వరకు ఇది వస్తుంది, మామూలుగా మొదటి రెండు రోజులు లెక్కలోకి రావు. పనిలో దెబ్బ తగిలితే 90 శాతం, అది కూడా మీరు ఎన్నాళ్లు కట్టారని అడగకుండానే. కాన్పుకి 26 వారాలు పూర్తి వేతనం. ఎక్కువ కట్టిన మీకు ఎక్కువ వచ్చే చోటు అక్కడుంది. ఆటోనగర్లో మాత్రం జ్వరమొస్తే మెడికల్ షాపులో రెండు మాత్రలు కొని, నాలుగు రోజులు ఇంట్లో పడుకుని, ఆ నాలుగు రోజుల జీతం పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. ఈఎస్‌ఐ డాక్టర్ రాసిన సర్టిఫికెట్ లేకపోతే ఆ డబ్బు రాదు, అందుకే జ్వరం తగ్గాక కాదు, వచ్చినప్పుడే డిస్పెన్సరీకి వెళ్లాలి. ఇంకోటి, దానికి సంబంధించిన కట్టే ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు కంట్రిబ్యూషన్, అంటే ఈ వాటా, పడి ఉండాలి.

ప్రశ్న: షోరూమ్‌లో అకౌంట్స్ చూస్తాను. 20,400 ఉన్న జీతం జూలై నుంచి 22,000 అయింది. 21,000 దాటితే ఈఎస్‌ఐ పోతుందన్నారు, కానీ ఇంకా కట్ చేస్తూనే ఉన్నారు, పైగా 165. మా హెచ్‌ఆర్ పొరపాటా? పైగా మా అమ్మకి అక్కడే ట్రీట్‌మెంట్ నడుస్తోంది, ఆగిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. (పటమట, విజయవాడ)

జవాబు: పొరపాటు కాదు, మీ హెచ్‌ఆర్‌ని ఈసారికి వదిలెయ్యండి. ఈఎస్‌ఐకి ఏడాది రెండు ముక్కలు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి రెండోది. ముక్క మొదలయ్యేనాటికి మీ జీతం 21,000 లోపు ఉంటే, మధ్యలో ఎంత పెరిగినా ఆ ముక్క అయిపోయేదాకా మీరు లోపలే ఉంటారు, కట్టేది కూడా పెరిగిన జీతం మీదే. 22,000లో 0.75 శాతం 165, సరిపోయింది కదా. సెప్టెంబర్ జీతంతో ఆఖరు, అక్టోబర్ నుంచి కటింగ్ ఉండదు. అదే ఇంక్రిమెంట్ ఏప్రిల్ 1 నుంచి ఇచ్చి ఉంటే అప్పుడే బయటికి వచ్చేసేవారు. దివ్యాంగులకు మాత్రం ఈ హద్దు 25,000.

అమ్మగారి ట్రీట్‌మెంట్ అక్టోబర్‌లో ఆగదు, కట్టిన కాలానికీ వాడుకునే కాలానికీ మూడు నెలల తేడా ఉంటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కట్టినదానికి వచ్చే జనవరి నుంచి జూన్ 30 వరకు వైద్యం ఉంటుంది. మధ్యలో మిగిలిన అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలలకు అంతకుముందు అక్టోబర్ నుంచి మార్చి దాకా కట్టినది పనికొస్తుంది. మీకు ఎనిమిది, తొమ్మిది నెలల టైము ఉంది, ఈలోపు వేరే పాలసీ చూసుకోండి, జూన్ వచ్చేదాకా ఆగకండి. పెద్దవాళ్లకి బయట పాలసీ దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు.

ఇలాంటిదే ఓటీ (ఓవర్‌టైమ్) గురించి నలుగురు అడిగారు. 2025 నవంబర్‌లో కొత్త కోడ్ వచ్చేదాకా ఉన్న పాత ఈఎస్‌ఐ చట్టంలో ఓటీ డబ్బు 21,000 హద్దు చూసేటప్పుడు లెక్కలోకి వచ్చేది కాదు, కంట్రిబ్యూషన్ వేసేటప్పుడు మాత్రం వచ్చేది. జీతం 19,500, ఓటీ 2,800 అయితే మీరు లోపలే ఉండేవారు, కటింగ్ 22,300 మీద పడి 168 అయ్యేది. మా మిల్లులో దీని మీద జరిగినన్ని గొడవలు బోనస్ మీద కూడా జరగలేదు.

ప్రశ్న: మా ఆయన గుంటూరులో ఒక గోడౌన్‌లో చేస్తారు, జీతం 16,000. ప్రతి నెలా ఈఎస్‌ఐ పట్టుకునే ఇస్తారు. మొన్న కామెర్లు వచ్చి వెళ్తే ఆన్‌లైన్‌లో నాలుగు నెలలుగా డబ్బు పడలేదన్నారు. ఓనర్‌ని అడిగితే “కట్టేద్దాంలే, వచ్చే నెల జీతంలో నాలుగు నెలలదీ కలిపి పట్టుకుంటాం” అన్నారట. ఇదేమన్నా న్యాయమా? (గుంటూరు)

జవాబు: న్యాయం కాదమ్మా, చట్టం కూడా కాదు. ఒకసారి పట్టుకున్న డబ్బు మళ్లీ పట్టుకుంటానంటున్నాడు, అది మొదటిది. రెండోది, ఒకవేళ ముందు అసలు పట్టుకోకపోయినా సరే, పాత నెలల వాటాని తర్వాతి జీతంలోంచి కోసే హక్కు ఓనర్‌కి లేదు. ఏ నెల వాటా ఆ నెల జీతంలోంచే పట్టుకోవాలి, మర్చిపోతే అది ఆయన నెత్తినే పడుతుంది. రెండు వాటాలూ కలిపి వచ్చే నెల 15వ తేదీలోపు కట్టాల్సింది ఓనరే. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, అది కూడా ఆయనే కట్టుకోవాలి. కార్మికుడి జీతంలోంచి కోసి కట్టకపోవడమైతే జైలు దాకా వెళ్లే నేరం, ఎందుకంటే ఆ 120 రూపాయలు మీ ఆయనవి, ఓనర్ చేతిలో దాచమని పెట్టిన డబ్బు కింద లెక్క.

కాకపోతే చట్టం మనవైపు ఉన్నా కాగితం కావాలి. పే స్లిప్‌లు ఉంటే తియ్యండి. ఇవ్వకపోతే బ్యాంకు పాస్‌బుక్ చాలు, 16,000 జీతానికి ప్రతి నెలా 15,880 పడుతోందంటే ఆ తేడా ఏమిటో ఎవరికైనా అర్థమవుతుంది. వాటి జిరాక్స్‌లతో ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఇంకో కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. నోటితో చెప్పి రావద్దు. ఓనర్ కట్టనందువల్ల కార్మికుడికి రావాల్సింది పోకుండా, కార్పొరేషనే ఇచ్చి ఆ సొమ్ము ఓనర్ దగ్గర వసూలు చేసుకునే వీలు కూడా చట్టంలో ఉంది, ఆ మాట ఫిర్యాదులో అడగండి.

ఇదే నా అసలు బాధ. నూట ఇరవై ఎందుకు కోశారని నాతో గొడవపడినవాళ్లు వందమంది ఉంటారు, కోసింది జమ అయిందా అని అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇన్సూరెన్స్ నంబరుతో ఈఎస్‌ఐ సైట్‌లోకి వెళ్తే ఏ నెల ఎన్ని రోజులకి ఎంత జమ అయిందో కనిపిస్తుంది. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్లకి చెప్పండి, రెండు నిమిషాల పని. జబ్బు చేశాక చూసుకుంటే మీలాగే డిస్పెన్సరీ కిటికీ దగ్గర తెలుస్తుంది.

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో బట్టల షాపు, ఏడుగురం పని చేస్తున్నాం. మా అంతట మేం నెలనెలా డబ్బు కట్టి ఈఎస్‌ఐలో చేరొచ్చా?

జవాబు: చేరలేరు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న షాపుకి ఇది తప్పనిసరిగా వర్తిస్తుంది, వ్యక్తిగా వెళ్లి కడతానంటే తీసుకోరు. కాకపోతే ఏడుగురం అంటున్నారు, గోడౌన్‌లో మూటలు మోసేవాళ్లనీ, పండగ సీజన్‌లో పెట్టుకునేవాళ్లనీ లెక్కేశారా? కాంట్రాక్టు మీద పెట్టుకున్నవాళ్లూ మనుషులే, లెక్కలోకి వస్తారు. ఒకసారి పదిమంది అయి పరిధిలోకి వస్తే తర్వాత ఆరుగురే మిగిలినా అది పోదు. అప్పటిదాకా డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలుస్తున్నది, దానికి మీ కార్డు ఉందో లేదో చూసుకోండి. దానికి జీతంలోంచి కటింగ్ ఉండదు, ప్రభుత్వ డబ్బుతో నడుస్తుంది. ఆపరేషన్లకి బాగా పనికొస్తుంది గానీ ఈఎస్‌ఐలా పోయిన జీతంలో 70 శాతం ఇవ్వదు.

ప్రశ్న: మా అమ్మాయి నర్సుగా జర్మనీ వెళ్లింది. జీతం 3,000 యూరోలట, అందులో ఒక్క హెల్త్ ఇన్సూరెన్స్‌కే రెండొందలకి పైగా పోతోందట. అంత దోపిడీ ఉంటుందా? (మంగళగిరి)

జవాబు: ఉంటుందమ్మా, కానీ దోపిడీ కాదు. అక్కడ మామూలు రేటు జీతంలో 14.6 శాతం, సగం ఉద్యోగి, సగం ఆసుపత్రి యాజమాన్యం. అమ్మాయి సగం 7.3 శాతం అంటే 219 యూరోలు. దాని మీద తను చేరిన బీమా సంస్థని బట్టి కొంత అదనపు శాతం ఉంటుంది, అందులోనూ సగం యాజమాన్యానిదే. మనవాళ్లు 1952లో కాన్పూర్, ఢిల్లీలలో మొదలుపెట్టిన లెక్కని వాళ్లు 1883లోనే మొదలెట్టారు.

నాకు ఆసక్తిగా అనిపించే తేడా ఒకటుంది. ఇక్కడ 21,000 దాటితే నువ్వు బయటికి పో అంటారు. అక్కడ హద్దు దాటినంత మాత్రాన పొమ్మనరు, హద్దు వరకే శాతం వేసి, ఆపైన జీతం ఎంతున్నా అదే కట్టించుకుంటారు, 2025లో ఆ హద్దు నెలకు 5,512 యూరోల 50 సెంట్లు. పటమట అకౌంటెంట్ గారికి పట్టుకున్న టెన్షన్ అక్కడివాళ్లకి అర్థం కాదు. అన్నట్టు రేపు మీ అల్లుడు అక్కడికి వెళ్లి కొన్నాళ్లు ఉద్యోగం లేకుండా ఉన్నా, అమ్మాయి కట్టే ఆ డబ్బులోనే ఆయనకీ వైద్యం ఉంటుంది, విడిగా కట్టక్కర్లేదు. ఆయన అక్కడికి వెళ్లగానే అమ్మాయి బీమాలో ఆయన పేరు రాయించడం మాత్రం మర్చిపోవద్దని చెప్పండి.