జెండా తాడు లాగినవాణ్ణి, నా మాట వినండి

"పేరున్న గాయకులో, నటులో చనిపోతే జాతీయ జెండాను సగానికి దించడం సబబేనా?" అని అడిగారు. వద్దండీ. నెల్లూరు జిల్లాలో ఒక మున్సిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. అక్కడ జెండా రోజూ ఎగరాలి. ఆ పని అటెండరుది, అతను లేకపోతే నాది. నాకెట్లా అంటుకుందో అడక్కండి, అదో పెద్ద కథ.

2022 ఫిబ్రవరి 6, ఆదివారం. పొద్దున లతా మంగేష్కర్ పోయారని టీవీలో చూసి అయ్యో అనుకున్నాం. మధ్యాహ్నం చేపల పులుసు కలుపుకుని కూర్చున్నానో లేదో, మేనేజరు గారి ఫోను. "రెండ్రోజులు సంతాపమంట సార్, జెండా సగానికి దించాలంట. అటెండరు అత్తగారి ఊరికి పోయినాడు. కాస్త మీరే పోయి రండి." వాచ్‌మన్‌ని తోడు పెట్టుకుని దించాను. ఆ రోజుకి సులువే, పైనున్నదాన్ని సగానికి లాగి తాడు కట్టెయ్యడమే.

తంటా అంతా మర్నాడు. సగానికి ఎగరెయ్యడమంటే సగం దాకా లాగి ఆపడం కాదు. ముందు చివరి దాకా పోవాలి, ఒక్క క్షణం అక్కడ ఆగాలి, అప్పుడు సగానికి రావాలి. సాయంత్రం తీసేముందు కూడా మళ్ళీ పైదాకా పోయే దిగాలి. 2002 నాటి ఫ్లాగ్ కోడ్‌లో రాసుంది. సోమవారం పొద్దున అటెండరూ నేనూ పద్ధతిగానే చేశాం. సాయంత్రం పైకి లాగుతుంటే ఆ పాత గిలకలోంచి తాడు పక్కకు జారి ఇరుక్కుంది. పైకి పోదు, కిందికి రాదు. అతను వేలాడాడు, నేను వేలాడాను, వాచ్‌మన్ బూతులు తిట్టాడు (గిలకనే లెండి, జెండాను కాదు). చీకటి పడింది. పొద్దు గూకాక జెండా ఉండకూడదు అప్పట్లో. రాత్రి కూడా ఉంచుకోవచ్చని సడలించింది ఆ ఏడు జూలైలో.

మంగళవారం పదింటికి కూడా జెండా సగంలోనే ఉంది. ఇంటి పన్ను కట్టేవాళ్ళు, బర్త్ సర్టిఫికెట్ల వాళ్ళు, ప్లాను అప్రూవల్ వాళ్ళు ఎంతమంది వచ్చినా ఒక్కరూ తలెత్తలేదు. ఎదురుగా టీకొట్టాయన మాత్రం గ్లాసు చేతికిస్తూ అడిగాడు.

"ఈరోజు ఎవురు పోయినారు సార్?"

"ఎవరూ పోలేదు. గిలక పోయింది."

"మరి నిన్న?"

"లతా మంగేష్కర్."

"ఆమెకా! మన పాత చైర్మన్ గారేమో అనుకున్నా సార్, ఇంటికి పోయి పలకరించాలేమో అని కూడా అనుకున్నా."

పదకొండున్నరకి వీధి లైట్లు మార్చే నిచ్చెన బండి వచ్చి విడిపించింది. ఈలోగా ఎవరో ఫోటో తీసి పై ఆఫీసుకు పంపారు, నాకు మెమో వచ్చింది. గిలక మార్చాలని మూడేళ్ళ నుంచి నోటు పెడుతున్నది నేనే. ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో దేవుడికే తెలియాలి. అదే స్తంభానికి హీరోగారి పుట్టినరోజు ఫ్లెక్సీ తాడు కట్టినవాళ్ళకు మాత్రం ఒక్క మెమో లేదు.

ఒక్క ఊరి కథ పట్టుకుని దేశానికి తీర్పు చెబుతున్నావంటారా? ఏ ఊళ్ళోనూ జనం తలెత్తి చూడరు, రాసిపెట్టుకోండి. పైగా ఆ ఏడు మే 14న యుఏఈ అధ్యక్షుడి కోసం, జూలై 9న జపాన్ మాజీ ప్రధాని షింజో అబె కోసం, సెప్టెంబరు 11న ఎలిజబెత్ రాణి కోసం దించాం. రెండు రెండో శనివారాలు, ఒక ఆదివారం. లతాజీ మొదటి రోజుతో కలిపితే నాలుగూ సెలవు రోజులే. మూసిన ఆఫీసు మీద సగం జెండా, కింద నేనూ వాచ్‌మనూ.

రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి, ప్రధాని పోతే దేశమంతా దించాలి. గవర్నరో ముఖ్యమంత్రో పోతే ఆ రాష్ట్రమంతా. అది కుర్చీకిచ్చే మర్యాద, కూర్చున్నాయన ఎట్లాంటివాడని ఎవరూ తూకం వెయ్యరు. ఏ కుర్చీలోనూ లేని పాటగాళ్ళకీ, నటులకీ అయితే ఢిల్లీ నుంచి ప్రత్యేకంగా ఆదేశం రావాలి. అంటే ఈవిడకి ఇద్దాం, ఆయనకి వద్దు అని ఎవరో కూర్చుని ఏరాలి. పాటగాళ్ళను ఏరడానికి హోం శాఖకి ఏం తెలుసని?

దాచుకోవడమెందుకు, నా కడుపుమంట అక్కడే ఉంది. 2020 సెప్టెంబరు 25, శుక్రవారం మధ్యాహ్నం గాయకుడు ఎస్పీ బాలు పోయారు. తిప్పరాజువారి వీధిలో ఇంటిని ఆ ఏడు ఫిబ్రవరిలోనే వేదపాఠశాలకని కంచి మఠానికి ఇచ్చేసిన మా నెల్లూరాయన. కరోనా రోజులు, ఆఫీసులో సగం మందే ఉన్నాం. ఫోను చేతిలో పెట్టుకుని మెసేజీ కోసం చూస్తూనే ఉన్నాను. నాలుగైంది, ఐదైంది. మర్నాడు తామరైపాక్కంలో తమిళనాడు పోలీసులు తుపాకులు పేల్చి గౌరవంగా సాగనంపారు, ఆ మాట కాదనను. జెండా మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆరింటికి అటెండరు తాడు విప్పబోతే "ఉండబ్బాయ్, ఐదు నిమిషాలు చూద్దాం" అన్నాను. ఎందుకని అతనూ అడగలేదు. ఇద్దరం మాస్కులు పెట్టుకుని స్తంభం కింద నిలబడ్డాం. ఆరుంబావుకి దించి, మడతపెట్టి, బీరువాలో పెట్టి తాళమేశాడు.