‘భూమిమీద సమాధానము’: ఎవరి ప్రశ్నకు?

సందేహం: క్రిస్మస్ పాటల్లో, శుభాకాంక్షల్లో ‘భూమిమీద సమాధానము’ అనే మాట తరచుగా కనిపిస్తుంది. సమాధానమంటే జవాబు కదా! ‘శాంతి’ అనవలసిన చోట పొరపాటున ఇలా అనువదించారా? అదే వాక్యంలో ‘ఆయన కిష్టులైన మనుష్యులకు’ అని ఉంది. పిల్లల చేత పాట సాధన చేయిస్తుంటే ఒక పాప ‘కిష్టులు అంటే ఎవరు?’ అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

సమాధానం: ఈ శీర్షిక పేరులోనే ఉన్న మాట మీద సందేహం రావడం నాకు సంతోషం కలిగించింది. అది పొరపాటు కాదు. పైగా జవాబు అన్న అర్థమే ఈ మాటకు తరవాత అబ్బింది.

మీరు చెప్పిన వాక్యం లూకా సువార్త రెండవ అధ్యాయంలోది. గొల్లలకు కనిపించిన దేవదూతలు ‘సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమయు, ఆయన కిష్టులైన మనుష్యులకు భూమిమీద సమాధానమును కలుగునుగాక’ అని స్తుతిస్తారు. లాటిన్‌లో ‘గ్లోరియా’ అంటూ మొదలయ్యే స్తుతికీ, క్యారల్స్‌లో వినిపించే ఆ పల్లవికీ మూలం ఇదే.

‘సమ్’, ‘ఆ’ అనే ఉపసర్గలు ‘ధా’ ధాతువుతో చేరి ఏర్పడిన మాట సమాధానం. చెదిరిన దాన్ని ఒకచోట చేర్చి కుదురుగా నిలపడం దాని తొలి అర్థం. సమాధి అన్న మాటా ఆ ధాతువు నుంచే పుట్టింది. వేదాంతులు శమ దమాదులతో మొదలుపెట్టి చెప్పే ఆరు సంపదలలో చివరిది సమాధానం. అక్కడ దానికి చిత్తం ఒకచోట నిలవడమని అర్థమే గాని జవాబు ఊసే లేదు. శాస్త్ర చర్చలో ఒకరు ఆక్షేపణ లేవనెత్తితే తలెత్తిన శంకను తీర్చి మనసును కుదుటపరిచేది గనుక దానికి చెప్పే బదులు సమాధానమైంది. ఈ భేదాన్ని పాటించేవారు నేటికీ పేరడిగితే చెప్పేదాన్ని జవాబు అనీ, సంశయం తీర్చేదాన్ని సమాధానం అనీ అంటారు. తమిళ మలయాళాల్లో ఈ మాటకు శాంతి అన్నదే వాడుకలోని అర్థం, కన్నడంలో ఊరట, నెమ్మది, హిందీలో పరిష్కారం. తెలుగులో కూడా ‘సమాధానపడ్డారు’, ‘మనసు సమాధానపడలేదు’ అన్నప్పుడు మనం జవాబును తలచుకోము.

అలాగైతే శాంతి అనే అనవచ్చు కదా అంటారేమో. అంటే తప్పు లేదు, కానీ కొంత అర్థం జారిపోతుంది. శాంతి ‘శమ్’ ధాతువు నుంచి వచ్చింది. అణగడం, చల్లారడం దాని భావం. మంట శాంతిస్తుంది, కోపం శాంతిస్తుంది; దానికి ఒక్కరున్నా చాలు. ఇద్దరి మధ్య సమాధానం కుదరాలంటే ఇద్దరూ ఉండాలి. హీబ్రూలో శాంతిని చెప్పే ‘షాలోమ్’కు వెలితి లేకుండా నిండుగా ఉండడమని అర్థం, ఉన్న బాకీ తీర్చడమనే క్రియ కూడా ఆ ధాతువుదే. 1739లో చార్లెస్ వెస్లీ రాసిన ప్రసిద్ధ క్రిస్మస్ పాట మొదటి చరణంలోనే భూమిమీద శాంతినీ, దేవుడూ పాపులూ తిరిగి ఒకటి కావడాన్నీ పక్కపక్కన నిలిపాడు. ఇంగ్లీషులో అవి రెండు వేరు మాటలు, సువార్తల మూలభాష గ్రీకులోనూ అంతే. తెలుగు బైబిలులో మాత్రం మొదటిది ‘సమాధానము’, రెండవది ‘సమాధానపరచుట’. మూలంలో లేని ఈ చుట్టరికం తెలుగులో దొరికింది; అనువాదకులు దీన్ని కోరి సాధించారో, అనుకోకుండా కలిసివచ్చిందో గాని, నా దృష్టిలో ఇది అనువాదానికి అందమే.

కాబట్టి క్రైస్తవుల వాడుకలోని ‘శాంతి సమాధానాలు’ అనే జంటను పునరుక్తి అని కొట్టివేయనక్కరలేదు. అయితే ఒక మెలకువ అవసరం: జంటలో కాక విడిగా ‘సమాధానాలు’ అని బహువచనం చేస్తే పాఠకుడికి పరీక్ష కాగితమే గుర్తుకొస్తుంది. శుభాకాంక్షల్లో ‘మీకు సమాధానం కలుగుగాక’ అని ఏకవచనంలోనే రాయండి.

ఇక కిష్టులు. అలాంటి వారెవరూ లేరు. ‘ఆయనకు’, ‘ఇష్టులైన’ అనే రెండు పదాలు ఉత్వసంధిలో కలిసి ‘ఆయనకిష్టులైన’ అయ్యాయి. ముద్రణలో ‘ఆయన’ తరవాత ఖాళీ విడవడంతో ‘కిష్టులు’ వేరే మాటలా కనబడుతోంది. ఇది పాత అచ్చుపద్ధతి. తమాషా ఏమిటంటే, ఈ సంధిని చెప్పే బాలవ్యాకరణ సూత్రాన్నే ‘ఉత్తున కచ్చు పరంబగునపుడు’ అని అచ్చువేస్తారు. ‘ఉత్తునకు’, ‘అచ్చు’ కలిసి ఏర్పడిన అక్కడి ‘కచ్చు’ కూడా మన కిష్టుల వంటిదే. ఇంగ్లీషు క్యారల్స్ కొన్నింటిలో ఈ చోట ‘మనుషుల పట్ల దయ’ అనే భావం కనిపించడానికి కారణం వేరు: గ్రీకు ప్రతుల్లో ‘ఇష్టం’ లేదా ‘దయ’ అని చెప్పే పదం చివర ‘స’కార ధ్వని గల ఒక్క అక్షరం కొన్నింటిలో ఉంది, కొన్నింటిలో లేదు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు లేని పాఠాన్ని అనుసరించింది, తెలుగు ఉన్నదాన్ని.

పాట నేర్పేటప్పుడు ‘ఆయనకిష్టులైన’ అని ఒకే ఊపిరిలో పలికించండి. ‘ఆయన’ దగ్గర తాళం ఆగిందంటే కిష్టులు మళ్ళీ పుట్టుకొస్తారు.